పది ఒగ్గేసినాదేటి?

కంప్యూటరు తప్పు చెయ్యదని మా తరానికి ఎవరు నేర్పారో గాని, గట్టిగానే నేర్పారు. ఇప్పుడు ఆ కంప్యూటరుకి ప్రోగ్రాములు రాసేది కూడా మనిషి కాదు, చాట్‌బాట్. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చింది మొదలు, కావలసిందేమిటో మామూలు మాటల్లో చెబితే చాలు, చకచకా రాసి పెడుతోంది. దాన్ని ఎంతవరకు నమ్మొచ్చు? బి.ఏ. చదివి నవలలు రాసుకునేదానివి, నీకెందుకమ్మా ఈ గొడవ అంటారేమో. నా నాయిక కాపరం మీదికొచ్చింది మరి!

శ్రీముఖలింగంలో ఉంటూ తూర్పు గాంగుల మీద నవల రాయకుండా ఉండడం కష్టం. వంశధార ఒడ్డున ఉన్న ఈ ఊరే ఒకప్పటి వాళ్ల రాజధాని కళింగనగరమని చరిత్రకారులంటారు. మధుకేశ్వరస్వామి గుడి గోడల మీద శాసనాలు, వాటిలో అఖండదీపాల దానాలు. నా నాయిక కూడా యుద్ధంలో పోయిన భర్త పేర, రాజుగారి 35వ అంకంలో దీపం పెడుతుంది.

చిక్కంతా ఈ అంకంలోనే ఉంది. గాంగుల కాలంలో వాడుకలోకొచ్చి ఒరియా పంచాంగాల్లో ఇప్పటికీ బతికున్న లెక్క ఇది. ఒకటి ఉండదు, రెండుతో మొదలు. ఆరూ, చివర ఆరున్నవీ ఉండవు. చివర సున్న ఉన్నవీ ఉండవు, ఒక్క పది తప్ప. అంచేత 35వ అంకమంటే 1, 6, 16, 20, 26, 30 పోగా ఏలుబడిలో అసలు 29వ ఏడు.

విశాఖలో సాఫ్టువేరు ఉద్యోగం చేసే మా అక్క కూతురు సెలవులకొచ్చింది. ఇలాంటి తేదీలు నవలలో నలభై దాకా ఉన్నాయంటే, "వేళ్లు మడుచుకుంటూ కూచుంటావా పిన్నీ? నిమిషంలో రాయించేస్తా నుండు" అని, నియమాలన్నీ చెప్పి చాట్‌బాట్‌కి పురమాయించింది. నిజంగా నిమిషమే! చూడముచ్చటైన ప్రోగ్రాము, వరసవరసకీ వివరణ. పైగా పరీక్షలు కూడా తనే రాసి, అన్నీ పాసయ్యాయని ప్రకటించింది. ప్రశ్నపత్రమూ తనదే, దిద్దడమూ తనదే. 35 కొడితే 28 వచ్చింది.

నా కథలో భర్త పోయేది 29వ ఏట. అంటే ఆ మహాతల్లి మొగుడు బతికుండగానే ఆయన పేర దీపం వెలిగించేసిందన్నమాట!

పర్లాకిమిడి నుంచి మా వీధికి కోడలుగా వచ్చిన మామ్మగారు కాఫీకని వచ్చి, మేం చదువుతున్న అంకెలు విని, "ఏటమ్మా, పది ఒగ్గేసినాదేటి?" అన్నారు. అదీ సంగతి. సున్నలతో పాటు పదినీ గెంటేసింది. ఆ మాట చెబితే ఎంతో మర్యాదగా క్షమాపణ చెప్పి దిద్దింది. ఈసారి 31! పదిని రానిచ్చిన చేత్తోనే ఇరవైనీ ముప్ఫైనీ రానిచ్చింది. మూడోసారికి 29. చెప్పొద్దూ, మూడుసార్లూ ప్రోగ్రాము ఎక్కడా ఆగలేదు, దాని ధీమా వీసమెత్తు తగ్గలేదు.

మనుషులు రాసిన కోట్ల వరసలు మింగి, ఈ మాట తర్వాత ఏ మాట రావచ్చునో అంచనా కడుతూ పోతుందిట. వడ్డీ కట్టమన్నా, పేర్లు అక్షరక్రమంలో పెట్టమన్నా బ్రహ్మాండంగా చేస్తుంది. అది నలిగిన బాట. "సున్నలు తీసెయ్యి, పది మాత్రం ఉంచు" అనేది మా ఊరి డొంకదారి. ఇప్పుడొస్తున్నవి తాము రాసింది తామే నడిపి చూసుకుంటాయి కూడా. మధ్యలో ఆగిపోతే పట్టుకుంటాయి. ఆగకుండా అబద్ధం చెప్పేదాన్ని ఎవరు పట్టుకోవాలి?

2025లో అమెరికాలో మీటర్ అనే పరిశోధన సంస్థ, చెయ్యి తిరిగిన ప్రోగ్రామర్లు 16 మంది చేత, వాళ్లకి బాగా తెలిసిన ప్రాజెక్టుల్లోనే 246 పనులు చేయించింది. ఏఐ సాయంతో 20 శాతం త్వరగా చేశామనుకున్నారు వాళ్లు. కొలిచి చూస్తే 19 శాతం ఆలస్యం.

"మరి మీ ఆఫీసులో ఎవరు చూస్తారే?" అన్నాను.

"నేనే పిన్నీ. రోజుకి వందల వరసలు అది రాస్తుంది. కింద పేరు నాది. అన్నీ చదవడానికి టైమెవడిస్తాడు?"

అది చూసేవి జీతాల లెక్కలు. ఎవరి ఇంటద్దో, ఎవరి పిల్లల ఫీజో అందులో ఉంటుంది. మా మామ్మగారు కాఫీకి అక్కడిదాకా వెళ్లలేరు కదా.

నిన్న ఫోను చేసింది. ఇప్పుడు ముందుగా నాలుగు జవాబులు చేత్తో లెక్కకట్టి కాయితం మీద రాసుకుని, ఆ తర్వాతే దాన్ని అడుగుతోందిట. ఆ కాయితాలకి పట్టే వేళకి మాత్రం టైమ్‌షీట్‌లో గడి లేదుట.