కప్పకు కట్టిన యిల్లు

కప్ప నీటిని నోటితో త్రాగదు, చర్మముద్వారా పీల్చుకొనును. ఊపిరితిత్తు లున్నను, కొంత ప్రాణవాయువు కూడ దానికి చర్మముద్వారానే అందును. ఈ రెండు సంగతులు ఎఱిగినవారికి కప్పకు ఎట్టి నివాసము కావలెనో సగము తెలిసినట్లే. ఎండిన చోట అది బ్రతుకదు. మురికినీటిలో దాని ఒడలే విషమును లోనికి చేర్చును.

2006వ సంవత్సరము జూన్ మాసమున నేను కోనసీమలోని యొక ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడనుగా నుంటిని. ఎనిమిదవ తరగతి బాలు డొకడు చెట్టుకప్ప నొకదానిని గాజుసీసాలో బెట్టి, మూత బిగించి తెచ్చెను. స్నానపు గదుల గోడల నంటుకొని కూర్చుండు గోధుమవన్నె కప్పలను మీరును చూచియుందురు. ఇదియు ఆ జాతిదే. వ్రేళ్ల కొసల నున్న గుండ్రని బిళ్లలచేత అది నిలువు గోడను ప్రాకగలదు. ఆ సీసాలో పాప మది సొమ్మసిల్లియుండెను.

"దీన్ని పెంచుకొంటానండి, మాస్టారూ!" అనెను.

"ముందు దాన్ని బ్రతకనీ, నాయనా!" అంటిని.

ప్రయోగశాలలో మూలబడియున్న అద్దపు తొట్టి యొకటి దొరకెను. ఈ కప్ప యెక్కునది. కావున దానికి వెడల్పుకంటె ఎత్తు ముఖ్యము. తొట్టిని నిలువుగా నిలిపి, తెరచిన వైపున దోమతెర కట్టితిమి. దిగువ నొక చెక్కపట్టీ అడ్డుపెట్టి, తడిపిన కొబ్బరిపొట్టును రెండంగుళముల మందమున పఱచితిమి. కోనసీమలో కొబ్బరిపొట్టునకు కొదువా! ఎక్కుటకు జామకొమ్మ, నీటికి లోతులేని మట్టిమూకుడు. ఎండ తగులని మూల దానిని నిలిపితిమి.

నీటిని గూర్చి మాత్రము వాదము జరిగెను. కుళాయి నీరు శుభ్రమే కదా యని వాడనెను. మనకు శుభ్రమే. కాని క్రిములను చంపుటకై అందు కలిపిన క్లోరిన్ కప్ప పలుచని చర్మమునకు హాని చేయును. వెడల్పు పాత్రలో ఒక దినము నిలువ యుంచినచో అది చాలవరకు గాలిలో కలిసిపోవును. ఆ నీటినే మూకుటిలో ప్రతిదినము మార్చుచుంటిమి.

తొలినాడు వాడు తన అన్నపు మెతుకులు పెట్టెను. కదలని వస్తువును కప్ప ఆహారముగా గుర్తింపదు. ఆ పిమ్మట పిల్లలు రాత్రివేళ దీపము క్రింద కీచురాళ్లను, మిడతలను పట్టి తెచ్చిరి. మందు చల్లిన చేలలోని పురుగులను వలదంటిని.

కప్ప కోలుకొని బొద్దుగా నయ్యెను. వాని సంతోషము చెప్పనలవి కాదు. అంతలో జులైలో వానలు బలముగా పడెను. ఆ రాత్రి కప్ప, కఱ్ఱతో కఱ్ఱను తట్టినట్లు, ఎడతెగక కూసెనని కాపలాదారు చెప్పెను. బయటినుండి వేఱు కప్పలు బదులు పలికెనట. కూయునది మగకప్ప. ఆడకప్ప నీటికి పైగా నున్న కొమ్మలకు నురుగుగూడు కట్టి గ్రుడ్లు పెట్టును. తోకకప్పలు అందుండి నీటిలోనికి జారును. ఈ సంగతి వానికి వివరించితిని గాని, విడువుమని యాజ్ఞాపింపలేదు.

వాడు రెండుదినములు నాతో మాటలాడలేదు. మూడవనాడు వచ్చి, "బడి చెరువులో వదలనాండి?" అని యడిగెను.

పట్టిన చోటనే విడువవలె నంటిని. కప్పల చర్మమును పట్టి చంపు శిలీంధ్ర మొకటి కలదు. శాస్త్రజ్ఞులు దానికి 1999లో పేరు పెట్టిరి. కప్ప నొకచోటినుండి వేఱొకచోటికి చేర్చినచో అట్టి తెగుళ్లు వెంట పోగలవు.

ఆ సాయంకాలమే వాడు తన పెరటిలోని అరటిబోదె మొదట దానిని విడిచెను. తొట్టిని మేము కడిగి యెండబెట్టితిమి. జామకొమ్మను మాత్రము వాడు అడిగి తీసికొనిపోయెను.