టోకియోలో పాటల అంగళ్లు

టోకియోలో షిబూయా స్టేషను దగ్గర దిగినవారెవరైనా ముందుగా చూచేది హాచికో కుక్క విగ్రహం. చనిపోయిన యజమాని ఏ బండిలోనైనా దిగకపోతాడా అని ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండి, 1935లో కన్నుమూసిన కుక్క అది. దాన్ని దాటి, నాలుగు వైపులనుంచీ జనం ఒక్కసారే రోడ్డుమీదికి వచ్చే కూడలిని దాటి కొంతదూరం నడిస్తే, పసుపుపచ్చ బోర్డుమీద ఎర్రటి అక్షరాలు కనిపిస్తాయి. అదే టవర్ రికార్డ్స్. అంతస్తుమీద అంతస్తుగా పాటలు అమ్మే మేడ.

దీని పుట్టిల్లు జపాను కాదు. 1960లో అమెరికాలోని శాక్రమెంటో నగరంలో పుట్టింది. 1981లో షిబూయాకు వచ్చి, 1995నుంచి ఇప్పటి మేడలో ఉంటున్నది. 2002లో జపాను శాఖ వేరుపడింది. 2006లో అమెరికాలోని తల్లి దుకాణాలు దివాలా తీసి మూతపడ్డాయి. వేరుపడ్డ పిల్ల మాత్రం నిక్షేపంగా కాపురం చేసుకుంటున్నది! మన బొంబాయిలో అంత పేరున్న రిథమ్ హౌస్‌ను కూడా 2016లో మూసివేశారు గదా, మరి ఇక్కడెలా నిలిచిందని అడగవచ్చు. పుస్తకాలలాగే సీ.డీ.లను కూడా ప్రచురించినవారు నిర్ణయించిన ధరకే అమ్మాలని కట్టడి చేసుకోవడానికి జపాను చట్టం ఒప్పుకుంటుంది. అందుచేత ఒకరికంటే ఒకరు ధర తెగ్గోసి చితికిపోయే బాధ తక్కువ. పైగా సీ.డీ.కి ఇది స్వస్థలం. 1982 అక్టోబరు 1న సోనీవారి మొదటి సీ.డీ. యంత్రం అమ్మకానికి వచ్చింది ఈ దేశంలోనే. ఆనాటి ధర 1,68,000 యెన్‌లు.

మా అమ్మాయి టోకియోలో ఉద్యోగం చేస్తున్నది. అక్కడ మూడు వారాలున్నాను. బయలుదేరేముందు పాలకొల్లు నుంచి మా అన్నయ్య ఒకే ఒక కోరిక కోరాడు: మాండొలిన్ శ్రీనివాస్ బిళ్ల ఏదైనా దొరికితే తెమ్మని. అన్నయ్యకు చూపు దాదాపు పోయింది. ఫోను అద్దంమీద వేలు ఎక్కడ పెట్టాలో ఆయనకు తెలియదు. పాత సీ.డీ. యంత్రంమీద బొత్తాం మాత్రం వేలికి తగులుతుంది. ఆయన దగ్గరున్న బిళ్లలు గీతలుపడి ఒక్కొక్కటే మూగపోతున్నాయి. కనక ఇది సరదా కొనుగోలు కాదు.

మేడలో అడుగుపెడితే జపాను కుర్రకారు పాటలు ఒకచోట, ముసలివారు మెచ్చే ఎంకా పాటలు ఒకచోట, బాక్, బేతోవెన్ ఒకచోట, జాజ్ మరొకచోట. ప్రతి బిళ్ల పెట్టె నడుముకూ ఒక కాగితపు పట్టీ ఉంటుంది. దాన్ని ‘ఓబీ’ అంటారు. మన ఒడ్డాణం లాంటిదన్నమాట. అన్నిటికంటే నాకు నచ్చినవి చిన్న చిన్న అట్టముక్కలు. ఏ బిళ్ల ఎందుకు వినాలో అంగడిలో పనిచేసేవారే చేత్తో రాసి అరల దగ్గర పెడతారు. మా అమ్మాయి చదివి చెబుతూంటే, పక్కింటి పిన్నిగారు ఊరగాయ రుచి చూడమంటున్నట్టనిపించింది.

‘ప్రపంచ సంగీతం’ అన్న అరలో మన దేశానికి మూరెడు చోటు. సితారు, కర్ణాటక గాత్రం, హిందీ సినిమా పాటలు అన్నీ ఒకే పందిరికింద. అందులో దొరికింది ‘డ్రీమ్’. పాశ్చాత్య సంగీతకారుడు మైకేల్ బ్రూక్‌తో కలిసి శ్రీనివాస్ చేసిన 1995 నాటి బిళ్ల. డబ్బు తీసుకున్న పిల్ల మాది ఇండియా అని విని, “నాటు నాటు!” అంటూ నవ్వింది. 2022లో ఆర్.ఆర్.ఆర్. జపానులో విడుదలైనప్పటినుంచీ ఈ మర్యాద మనకు దక్కుతున్నది.

మర్నాడు ఒచనోమిజు వెళ్లాం. వీధి పొడుగునా గిటార్లు వేలాడే పేట. అక్కడ డిస్క్ యూనియన్ వారికి జాజ్ సంగీతానికే ప్రత్యేకమైన దుకాణం ఉన్నది. వాడిన బిళ్లలు కూడా అమ్ముతారు. సీ.డీ.కి సూది తగలదు. చదివేది వెలుగు కిరణం. అందుచేత గీత పడకపోతే అది ఎన్నిసార్లు విన్నా అరగదు. అక్కడి అబ్బాయి బిళ్లను దీపంకింద వాల్చి, వజ్రం చూచినట్టు చూచి ఇచ్చాడు. అది ‘సాటర్డే నైట్ ఇన్ బాంబే’, 2001 నాటిది. ఇంగ్లీషు గిటారు విద్వాంసుడు జాన్ మెక్లాఫ్లిన్, జాకీర్ హుస్సేన్‌ల పక్కన మన శ్రీనివాస్! 1969లో పాలకొల్లులో పుట్టి, తొమ్మిదేళ్లకు గుడివాడలో తొలి కచేరీ చేసి, 2014లో నలభై అయిదేళ్లకే వెళ్లిపోయిన మనిషి, ఈ మహానగరంలో రెండు పేటల్లో రెండు అరల్లో ఉన్నాడు.

కాని రెంటిలోనూ నిక్కమైన కచేరీ లేదు. అన్నయ్య త్యాగయ్య కృతి తప్ప వినడు. ఆ సాయంత్రం భయపడుతూనే ఫోను చేశాను.

“గిటారుతో కలిపారా?” అని కాసేపు మాట్లాడలేదు. తరవాత అన్నాడు: “ఒరేయ్, మాండొలిన్ మాత్రం మనదేమిట్రా? ఇటలీదాన్ని పట్టుకొచ్చి వాడు త్యాగయ్య ముందు కూర్చోబెట్టాడు. వాణ్ణి ఇంకొకళ్లు పిలిచి తమ పక్కన కూర్చోబెట్టుకుంటే మనకేం కోపం? రెండూ తీసుకురా.”

అరల పేర్లు అంగడివారి సౌకర్యానికి కాబోలు. పాటకు వాటితో పనిలేదు. టోకియో వెళ్లే పాఠకులకు నా మనవి ఒకటే: పెట్టెలో కాస్త చోటు ఉంచుకుని వెళ్లండి. కొత్త బిళ్ల సుమారు మూడువేల యెన్‌లు. వాడినదైతే అందులో సగానికీ దొరకవచ్చు. మీకు కావలసిన అర చూచిన తరవాత పక్క అర కూడా ఒకసారి తిరగెయ్యండి. మనవాళ్లెవరైనా అక్కడ ఉండవచ్చు.