ఒక్క మాట... ముగ్గురు దొరలు!

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ దాటి సారపాక చేరితే ఎదురుగా గోదావరి. వంతెన ఎక్కి దిగితే భద్రాచలం. 1965లో ఈ వంతెన రాకముందు పడవే దిక్కు. అప్పట్లో అది ఏరు దాటడమే కాదు, రాజ్యం దాటడం కూడా. 1860లో భద్రాచలం తాలూకా ఇంగ్లీషువాళ్ల చేతికి వెళ్లాక, ఇవతలి ఒడ్డు నైజాంది, అవతలి ఒడ్డు తెల్లవాళ్లది. 1959లో గానీ భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలవలేదు.

రెండు ఒడ్డులా వినిపించే మాట ఒకటుంది... 'దొర'. తెలియనిదెవరికి? కానీ ఎక్కడ నిలబడి అన్నారన్నదాన్ని బట్టి అర్థం మారిపోతుంది.

ఇవతల దొరంటే గడీ. వందల ఎకరాల భూమి, ఊరంతా వెట్టి. 'నీ బాంచెన్ దొరా' అనే పిలుపులోనే వంగిన నడుం కనిపిస్తుంది. 1946-51 నాటి సాయుధ పోరాటం ఈ దొరల మీదే.

అవతల దొరంటే తెల్లవాడు. 1847-52 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్‌ని గోదావరి జనం నేటికీ కాటన్ దొర అనే తలుచుకుంటారు. ఇందులో భయం లేదు, కృతజ్ఞతే. అన్నట్టు, పాత తెలుగులో 'దొరతనం' అంటే సర్కారు అని కూడా అర్థం!

ఇక దుమ్ముగూడెం, చర్ల దారి పడితే మూడో దొర ఎదురవుతాడు... కోయదొర. గడీ లేదు, కొలువు లేదు. పోడు చేను, ఇప్పచెట్టు, పెరట్లో నాలుగు కోళ్లు. తమ భాషలో వీళ్లు చెప్పుకునే పేరు 'కోయితూర్'. దొర అన్నది చుట్టుపక్కల తెలుగువాళ్లు తగిలించిన మర్యాద. దుమ్ముగూడెంలో పనిచేసిన మిషనరీ జాన్ కెయిన్ 19వ శతాబ్దంలోనే ఈ పిలుపు గురించి రాశాడు. చింతూరు దాటి ఛత్తీస్‌గఢ్‌లోని కుంట వైపు వెళ్తే, కోయలకు దగ్గరివాళ్లయిన ఓ తెగ పేరే దోర్లా. తూర్పున మన్యంలో 1922-24లో అల్లూరి సీతారామరాజు వెంట నడిచినవాళ్లు గంటందొర, మల్లుదొర. ఆ మల్లుదొరే 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు వెళ్లాడు.

ఇలాంటి మాటలు ఇతర దేశాల్లోనూ ఉన్నాయి. స్పానిష్‌లో 'సెన్యోర్' ఉంది కదా, 'పెద్దవాడు' అనే లాటిన్ మాటలోంచి పుట్టి, ప్రభువుకు బిరుదై, చివరికి బస్సులో పక్కవాణ్ని పిలిచే 'అయ్యా' అయి కూర్చుంది. మన దొర అంత దూరం రాలేదు. సంతలో తేనెసీసా పట్టుకున్న కోయని 'ఏం దొరా, ఎంతకిస్తావ్?' అని అడుగుతారు. పిలుపు దొర, క్రియ మాత్రం నువ్వు! సినిమాల్లో అయితే కోయదొరంటే ఈకల కిరీటం, వింత యాస, నవ్వులాట.

మాటలో దొరతనం మిగిలింది గానీ భూమి చేజారిపోతూ వచ్చింది. ఏజెన్సీలో గిరిజనుల భూములు గిరిజనేతరులకు బదిలీ కాకూడదని 1959లో నిబంధన తెచ్చారు. చాలక, 1970లో దాన్ని మరింత బిగించారు. అదే '1/70'. ఆ తర్వాత అడవి సాగుకు హక్కు ఇస్తామంటూ 2006 చట్టం వచ్చింది. దాని ప్రకారం పట్టా కావాలంటే, 2005 డిసెంబరు 13 నాటికే ఆ చేను తన సాగులో ఉందని కోయదొర రుజువు చూపించాలి.