ఢిల్లీ నుంచి పరిటాలకు

రైల్లో, మంగళవారం రాత్రి

తాతయ్యా,

బల్లార్షా దాటాం. విజయవాడలో బండి ఎక్కేటప్పుడు నువ్వన్న మాటే ఇంకా చెవిలో ఉంది: "అంత పెద్ద సభలో మన రోడ్డు సంగతి ఎవరికి పడుతుందే?"

పదేళ్లుగా పిల్లలకు రాజ్యసభ పాఠం చెబుతున్నాను, సభను మాత్రం చూడలేదు. లోక్‌సభ లాగా అది రద్దు కాదు. ఒక్కొక్కరికి ఆరేళ్ల పదవి, రెండేళ్లకోసారి మూడోవంతు మంది దిగిపోతారు. ఎందుకలా అని ఓ పిల్లాడు అడిగితే నీ గొడ్లపాక గురించి చెప్పాను. గుంజలన్నీ ఒక్కసారే పీకవు కదా. పుచ్చినవి తీసి కొత్తవి పాతుతావు, పాక నిలబడే ఉంటుంది. వాడికి వెంటనే అర్థమైంది.

కొత్తఢిల్లీ, గురువారం

తాతయ్యా,

ఈరోజు గ్యాలరీలో కూర్చున్నాను. ఫోను, సంచీ గేటు దగ్గరే పెట్టేశాం. సభంతా ఎర్ర తివాచీ, ఎత్తులో ఉపరాష్ట్రపతి కుర్చీ. సభకు అధ్యక్షుడు ఆయనే. మొత్తం 245 స్థానాలు. అందులో 12 మందిని రాష్ట్రపతి నియమిస్తారు. మిగతావాళ్లను ఎమ్మెల్యేలు ఓటేసి పంపుతారు. మనకు 11, తెలంగాణకు 7.

నిజాం ఏలుబడి వద్దని 1947లో పరిటాల, చుట్టుపక్కల ఊళ్లు సొంత రాజ్యం ప్రకటించుకున్న సంగతి నువ్వెన్నిసార్లు చెప్పావో. మరో ఐదేళ్లకు, 1952 మే 13న, ఈ సభ మొదటిసారి కూర్చుంది. అప్పుడు కమ్యూనిస్టు పక్షానికి నాయకుడు నీ సుందరయ్యగారే. ఆయన సైకిలు మీద వచ్చిన ఆ పాత భవనం పక్కనే ఉంది. నీ తరపున బయటి నుంచే దణ్ణం పెట్టుకున్నాను.

సభలో అరుపులు విని మొదట మనసు చివుక్కుమంది. ఇంతలో ఒక సభ్యుడు లేచి, స్థాయీ సంఘం నివేదికను సభ ముందుంచి కూర్చున్నాడు. అర నిమిషం పట్టలేదు. ఎవరూ తల తిప్పలేదు.

కొత్తఢిల్లీ, శనివారం

తాతయ్యా,

ఆ అర నిమిషం వెనక ఎంత పనుందో ఇక్కడ పనిచేసే ఒక తెలుగావిడ విడమరిచి చెప్పింది. శాఖలవారీ స్థాయీ సంఘాలు 1993లో 17తో మొదలై, 2004లో 24 అయ్యాయి. ఒక్కోదానిలో 31 మంది: లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. మంత్రులకు చోటు లేదు. ఎనిమిది సంఘాల పని రాజ్యసభ చూస్తుంది. రవాణా సంఘం వాటిలో ఒకటి.

బడ్జెట్ పెట్టాక సభకు కొన్నాళ్లు విరామం ఇస్తారు. అప్పుడు ఈ సంఘాలు తలుపులు వేసుకుని కూర్చుంటాయి. శాఖ కార్యదర్శిని పిలిపించి, అడిగిన డబ్బు దేనికి, పోయినేడు ఇచ్చింది ఏమైందని పద్దు పద్దుకూ అడుగుతాయి. అక్కడ కెమెరాలుండవు, అందుకే పార్టీల గొడవ తక్కువట. మన 65వ నంబరు జాతీయ రహదారిని చూసే శాఖ కూడా ఏటా రవాణా సంఘం ముందు కూర్చోవాల్సిందే.

సంఘం చెప్పింది సర్కారు చేసి తీరాలని లేదు. ఈ మాట నీకు దాచను. కానీ ఏం చేశారో, చేయకపోతే ఎందుకు చేయలేదో మూడు నెలల్లో జవాబు రాయాలి. బిల్లులు సంఘానికి వస్తే, అభిప్రాయాలు పంపమని పేపర్లో ప్రకటన కూడా ఇస్తారు. దానికి నువ్వూ రాయొచ్చు, నేనూ రాయొచ్చు. ఇన్నాళ్లూ ఈ సంగతి పిల్లలకు చెప్పలేదే అని బాధేసింది. సోమవారం ఈ పాఠం మళ్లీ మొదటి నుంచి చెబుతాను.

రోడ్డు దాటడానికి నువ్వు పడే అవస్థ ఒక కాగితం మీద రాసి ఉంచు. అది పంపే దారి నేను చూస్తాను.

ఆదివారం సాయంత్రం ఆంజనేయస్వామి విగ్రహం దగ్గర బస్సు దిగుతాను. నువ్వు ఎదురు రావద్దు. ఆ రోడ్డు నేనే దాటి వస్తాను.

నీ మనవరాలు