తాల్ముద్ 2ఏ, మన బీరువా

హోసూరులో ఉంటూ తెలుగు పుస్తకం కాపాడుకునే మనకు సెఫారియా చూస్తే అసూయ పుడుతుంది. 2011లో జాషువా ఫోయర్, బ్రెట్ లాక్‌స్పైజర్ మొదలుపెట్టిన యూదు గ్రంథాల భాండారమది. అంతా ఉచితమే.

జావాస్క్రిప్టులో నాలుగు వరుసలు రాసి ‘బెరాఖోత్ 2ఏ’ అని అడిగితే తాల్ముద్ తొలి పుట ఇంగ్లీషుతో సహా వచ్చేస్తుంది. ఆ పుటల లెక్క 1520లలో వెనిస్‌లో బాంబర్గ్ వేసిన అచ్చుది, నేటికీ అదే. మన తాతల పుస్తకాల్లో పుట సంఖ్యలు చెదలు తినేశాయి.

హీబ్రూలో అచ్చుల చుక్కలు తుడిచేసి వెతకొచ్చు. మన గుణింతం తుడిస్తే కల, కాలు, కీలు అన్నీ ఒకటే! వేరే దారి చూడాలి.

ఆదివారం సంఘం బీరువా తెరుస్తున్నాం. తెలుగు టైపు వచ్చిన పిల్లలుంటే పంపండి. స్కానరు నేను తెస్తా, వడలు అత్తయ్య తెస్తుంది.