అంచు మీది అంకె



పెళ్లిళ్ల కాలం వచ్చిందంటే మన సంఘంలో సూటు మాట మొదలవుతుంది. కొడుకు కోటు తొడుక్కుని సంఘం ముందు నిలబడాలని ఏ తల్లికి ఆశ ఉండదు? అందులో తప్పేమీ లేదు. సామెతలు 31వ అధ్యాయంలోని గుణవతియైన భార్య కూడా గొఱ్ఱెబొచ్చును వెదకి తెచ్చుకున్నదే. వెదకడమంటే తెలిసి ఎంచుకోవడం.

ఉన్ని సూటు గుడ్డ అంచు మీద సూపర్ 100, సూపర్ 120, సూపర్ 150 అని ఉంటుంది. అంకె పెరిగితే గట్టిదనం పెరిగిందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ అంకె సన్నదనాన్ని చెబుతుంది. సూపర్ 100లో ఉన్ని వెంట్రుక సగటు మందం 18.75 మైక్రాన్లకు మించకూడదు. సూపర్ 150లో 16.25కు మించకూడదు. సన్నబడేకొద్దీ గుడ్డ మెత్తగా, నునుపుగా ఉంటుంది గానీ త్వరగా అరుగుతుంది, ముడతలు పడుతుంది. ప్రతి ఆదివారం తొడిగేవారికి సూపర్ 100, 110 చాలు. మన ఎండలకు సాదా నేతలో పలుచని గుడ్డ తీసుకోండి.

గుడ్డను పిడికిట్లో గట్టిగా నలిపి వదలండి. మంచి ఉన్ని మెల్లగా మళ్లీ సాపు అవుతుంది. దుకాణదారుని అడిగి ఒక పోగు కాల్చి చూడండి. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. పాలిస్టర్ కలిస్తే కరిగి గట్టి పూసలా మిగులుతుంది. కలిసిన గుడ్డ చెడ్డదేమీ కాదు. ఉన్ని ధర పెట్టి మాత్రం కొనవద్దు.

మన దక్కని గొర్రెల ఉన్ని ముతక. సూటుకు పనికిరాదు. గొంగడి నేస్తే మాత్రం చలిలో, వానలో కాపరిని ఏళ్ల తరబడి కాస్తుంది. దేని పని దానికి దేవుడే ఇచ్చాడు.

మొన్న ఒక కుటుంబంతో మేమూ పట్నం వెళ్లాం. కూలి చేసి కొడుకును చదివించిన తల్లి ఆమె. వడ్డీకి తెచ్చిన డబ్బు చేతిలో ఉంది. "అయ్యగారూ, అన్నిటికంటే ఖరీదైనదే తీద్దాం. వియ్యాలవారి ముందు మావాడు తక్కువ కాకూడదు" అంది. "అమ్మా, పెళ్లయ్యాక ఉద్యోగానికీ ఇదే తొడగాలి గదా" అన్నాం. ఆమె ఒక్కొక్క గుడ్డా తడిమి, నలిపి చూసి, చివరికి ముదురు నీలంలో సూపర్ 110 మూడుంబావు మీటర్లు కోయించింది. మిగిలిన డబ్బు ఆ వారమే అప్పిచ్చినవారికి తిరిగి కట్టేసింది.

ఆమె భయం గురించి మేము చాలా ఆలోచించాం. అది దుకాణంలో పుట్టిన భయం కాదు. మంచి బట్టలవానికి మంచి చోటు చూపి, బీదవాణ్ణి కాళ్లదగ్గర కూర్చోమన్న సంఘాన్ని యాకోబు గద్దించాడు (యాకోబు 2:2-4). మన గుమ్మం దగ్గర మనమూ మనుషులను అంచు మీది అంకెతో కొలుస్తున్నామా? మన చూపు మారితే ఎన్ని ఇళ్లలో అప్పులు తగ్గుతాయో!

హృదయమును చూచు దేవుడు (1 సమూయేలు 16:7) మనకూ అట్టి చూపు దయచేయునుగాక. ఆమేన్.