ఋషికొండనుండి భీమిలి దారిలో

సముద్రతీరమున నివసించువారందఱును సముద్రము నెఱిగినవారని చెప్పుటకు వీలులేదు. ఒడ్డున నిలిచి చూచువానికి కానవచ్చునది కెరటముల యంచు మాత్రమే. నీటిమట్టమునకు జానెడెత్తున కూర్చుండి, తీరమునకు దూరముగా పోయినప్పుడుగాని దాని స్వభావము తెలియదు. అందులకు తగిన సాధనము కాయాకు అను సన్నని పడవ. ఉత్తరధ్రువప్రాంతపు ఇన్యూట్ జనులు సముద్రమున కొట్టుకొనివచ్చిన కొయ్యలతో చట్టము కట్టి, దానిపై సీలు చర్మము బిగించి, వేటకై దీనిని నిర్మించుకొనిరి. ఇప్పుడు ప్లాస్టిక్కుతో చేయుచున్నారు. రెండు కొనలను రెక్కలుగల తెడ్డు మాత్రము నాటిదే.

2024వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున మేమును, మా మిత్రులు మువ్వురును, ఇద్దఱేసి కూర్చుండదగిన రెండు కాయాకులలో విశాఖపట్టణము చెంతనున్న ఋషికొండనుండి భీమునిపట్టణమునకు బయలుదేరితిమి. దూరము సుమారు 15 కిలోమీటర్లు. అందఱమును లైఫ్ జాకెట్లు ధరించితిమి. మంగమారిపేటకు చెందిన వృద్ధజాలరి యొకరు దారి చూపుచు తమ ఫైబరు పడవలో ముందు సాగిరి.

వేకువను నేల చల్లబడి యుండుటచే గాలి గట్టునుండి నీటిమీదికి వీచును. ఎండ ముదిరి నేల వేడెక్కగా గాలి మఱలి సముద్రమునుండి గట్టుమీదికి వచ్చును. తెరచాప తెప్పల కాలమున జాలరులు వేకువగాలితో లోనికి పోయి, మధ్యాహ్నపుగాలితో మఱలుచుండుట ఈ లెక్కమీదనే. మేమును ఆ లెక్కనే నమ్మి సూర్యోదయమునకే తెడ్లు పట్టితిమి. నీరు నూనెవలె నిగనిగలాడుచుండెను. ఎడమవైపున కొండలు మెల్లగా వెనుకకు నడచుచుండెను.

తొట్లకొండ సమీపించునప్పటికి గాలి దక్షిణమునకు తిరిగెను. వెనుకనుండి వచ్చు కెరటము కాయాకు తోకనెత్తి పక్కకు త్రిప్పుచుండెను. మాముందు కూర్చున్న లెక్కల ఉపాధ్యాయులు మాలో పెద్దవారు. వారి మొగము మాకు కానరాదు; భుజములు మాత్రము కానవచ్చుచుండెను. ఆ భుజములు వంగుటయు, తెడ్డు నీటిని తాకక ఊరక తిరుగుటయు చూచి పలుకరించితిమి. వారికి తల తిరుగుచు, కడుపులో వికారముగా నుండి అప్పటికి అరగంట యైనదట. “నావలన మీ ప్రయాణము చెడరాదు, పదండి” అనిరి.

రెండవ కాయాకులోని చిన్నమిత్రుడు ముందుకే పోవలెనని పట్టుపట్టెను. ఎఱ్ఱమట్టిదిబ్బలు దాటినచో భీమిలియే కదా, పెద్దవారిని త్రాడుకట్టి లాగుకొనిపోవుదమనెను. జాలరి పడవ త్రిప్పి మా చెంతకు వచ్చి, “మాష్టారూ, గాలి తిరిగింది. భీమిలి రేపూ ఉంటాది. ఒడ్డుకి పదండి” అని, మా బదులుకై వేచియుండక మంగమారిపేటవైపు మరలెను. మేమును వెంట పోతిమి. చిన్నమిత్రుని మొగము చిన్నబోయెను.

సముద్రప్రయాణమున కష్టమైనది ఒడ్డు చేరుట. పెద్ద కెరటములు గుంపుగా వచ్చును. అవి పోయినపిదప కొంత విరామముండును. జాలరి చేయెత్తువఱకు కెరటములు విరుగుచోటికి వెలుపల నిలిచి, పిదప ఒక కెరటము వీపు వెంబడి తెడ్లు వేసితిమి. ఐనను తీరము చెంత మా కాయాకు అడ్డము తిరిగి బోర్లపడెను. నీరు నడుములోతే; కాని అలసిన పెద్దవారు ఆ నడుములోతు నీటిలోనే లేవలేకపోయిరి. అందఱికంటె ముందు దుమికి వారిని పట్టి లేవనెత్తినవాడు ఆ చిన్నమిత్రుడే. ఇసుకపై కూర్చున్నపిదప అతడు భీమిలి మాట మఱల ఎత్తలేదు.

సాయంకాలము పెద్దవారు తేఱుకొనినపిదప తొట్లకొండ యెక్కితిమి. ఇచ్చటి బౌద్ధారామమును 1976లో నౌకాదళమువారు సర్వే చేయుచు కనుగొనిరి. 1988నుండి 1993వఱకు త్రవ్వకములు జరిగెను. తాగుటకు పనికిరాని నీరు ఎదుట అంతులేక యుండగా, భిక్షువులు కొండఱాతిలో తొట్లు తొలిచి నీరు నిలువ చేసికొనిరి. ఆ తొట్లవలననే కొండకు ఆ పేరు. అచ్చటనుండి చూడగా ప్రొద్దుట మమ్ము బోర్లద్రోసిన నీరు పట్టువస్త్రమువలె పఱచుకొని, మిక్కిలి సాధువుగా కనబడెను. చూచి మోసపోవుట ఎంత సులభము!

విద్యార్థులారా, ఈత నేర్చుకొనుడు. నీటిలో దిగుటకు ముందు ఆ తీరపు జాలరి నడుగుడు; ఆయన వలదన్ననాడు మానుడు. జట్టుగా పోవునప్పుడు అందఱికంటె అలసినవాని వేగమే జట్టువేగమని యెఱుగుడు. తన అలసటను అతడు నోట చెప్పకపోవచ్చును. వెనుక కూర్చున్నవాడు అతని భుజములను చూచుచుండవలెను. మిగిలిన సగము దారి మాకింకను మిగిలియే యున్నది. పెద్దవారు ఇప్పుడు ప్రతి ఆదివారమును ఈత సాధన చేయుచున్నారు, నేర్పుచున్నవాడు చిన్నమిత్రుడు.